ధర పడిన రోజు

తెల్లారి అయిదున్నరకి, గుంటూరు పెద్దాసుపత్రి మూడో వార్డులో
మస్తాన్‌బీ చెయ్యి చాపుతుంది, నేను అడక్కముందే.
నరాలన్నీ దాక్కున్నాయి.
మణికట్టు పక్కన ఒకటి దొరికింది, దారప్పోగంత.

పాతికేళ్లు మిర్చి తొడిమలు తీసిన వేళ్లు.
ఎన్నిసార్లు కడిగినా
నా గ్లవ్స్‌కి ఇంకా ఘాటే.

"కాయ పైకి ఎర్రగానే ఉంటది అబ్బాయా,
విరిస్తే లోపల బూడిద.
చెవి దగ్గర ఊపితే తెలిసిపోద్ది నాకు.
మనిషిని ఎట్టా ఊపుతారు?"

ఇట్టా, అన్నాను,
ట్యూబుని మెల్లగా తిరగేస్తూ.

సీఆర్పీ నూట ఎనభై.
ఫెర్రిటిన్ మిషను కొలత దాటిపోయింది,
పల్చన చేసి మళ్లీ ఎక్కించాను.
గెలాక్టోమానన్ మా దగ్గర చెయ్యరు,
ఐసు డబ్బాలో విజయవాడ బస్సెక్కాలి.
బూజు తనెక్కడుందో చెప్పదు.
తన గోడల సున్నం మాత్రం
నెత్తుట్లో రాల్చుకుంటూ పోతుంది.

"ఇయ్యాల రేటెంత?"
రోజూ ఇదే,
యార్డులో క్వింటా ధర అడిగినట్టు.
అంకె కంటే ముందు నా మొహం చదివేసి
అటు తిరిగి పడుకుంటుంది.

మందు మొదలెట్టిన పన్నెండో రోజు
సీఆర్పీ అరవై రెండు.
"పడింది!" అన్నాను గట్టిగా.
పక్క మంచం మీద ప్రత్తిపాడు మిరప రైతు
ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు.
మస్తాన్‌బీ నవ్వింది, దగ్గొచ్చిందాకా.

ఫెర్రిటిన్ ఇంకా దిగలేదు.
తాలు ధర ఆమె అడగలేదు,
నేను చెప్పలేదు.