పగార్

తార్నాకల, యూనివర్సిటీ గోడ పక్కన నా బండి.
నాలుగు చక్రాలున్నయి గని యాడికీ పోదు.
బొగ్గుల పెట్టె, తడిగుడ్డ, పైన సగం ఎండిన యాపకొమ్మ.
పద్దెనిమిదేండ్ల సంది గీడనే నిలవడి
ఊరోళ్ల ముడుతలు సాపు చేస్తున్న.

దొమింగో అంగీలన్నీ తెల్లయే.
సముద్రమవతల ఏదో రేవు పట్నమట,
పేరు చెప్తడు, నా నోట్ల నిలవది.
ఆరడుగుల పోరడు, వంగి "సిన్యోరా" అంటడు.
కాదు బిడ్డా, శంకరమ్మ, అని మొదట్ల సరిదిద్దిన.

రెండు నెలలు. యాభయ్యొక్క అంగీలు, ఒక దుప్పటి.
ఆరువందల నలభై రెండు.
అడగాలె. ఎట్లడగాలె?
తెలుగుల అడిగితే నవ్వుతడు.
హిందీల అడిగితే అచ్ఛా అచ్ఛా అంటడు.
ఇంగ్లీషుల నాకొచ్చింది ఒక్కటే ముక్క, మనీ.
అది గల్లా వట్టినట్టుంటది.
బాకీ అడగనీకి గూడ ఒక మర్యాద ఉంటది గద,
ఎదుటోని ఇంటి భాషల అడిగితే
చెప్పులిడిచి లోపలికొచ్చినట్టు.

అర్షియాను వట్టుకున్న. సంతోష్‌నగర్ పిల్ల,
ఆ భాషనే సదువుతది, ఎందుకో ఆమెకే తెల్వాలె.
కరెంటు బిల్లు ఎనక తెలుగు అక్షరాల రాసిచ్చింది:
కోము కేర్ పగార్?
ఆవుశ్ పోకుశ్?
ఎట్ల కడ్తవు, కొంచెం కొంచెంగనా?

పగారా! నవ్వొచ్చింది నాకు.
పగారంటే మనదే గద పిల్లా.
మా ఆయన ఆజామాబాద్ ఫ్యాక్టరీ నుంచి
ఏడో తారీకు తెచ్చేటోడు.
మూతవడ్డనాడు మూడు నెలల పగార్ లోపల్నే ఉండె,
గేటు ముంగట అడిగి అడిగి మనిషే పోయిండు.

"అది వాళ్లదే ఆంటీ," అన్నది.
"ఓడలల్ల వచ్చింది. మీ ఇస్త్రీ గూడ."
పెట్టె దించి దాని దిక్కు చూసిన.
ఇన్నేండ్ల సంది చేతిల ఉన్నదీ నోట్ల ఉన్నదీ
రెండూ అరువేనా?
"మరి కమీజు?" అన్న, భయంభయంగ.
ఆమె జవాబిచ్చేలోపల సెల్లు మోగింది.

నాలుగు దినాలు బొగ్గులు ఊదుకుంట వల్లెవేసిన,
కోము కేర్, కోము కేర్.
బజ్జీల సత్తయ్య అడిగిండు,
ఏం మంత్రం శంకరమ్మా, ఎవనికి పెడ్తున్నవని.

శుక్రారం పొద్దుగూకినంక వచ్చిండు.
చెప్పిన. ఒక్క అక్షరం జారలే.
తడి అంగీ మీద పెట్టె ఆన్చంగనే
ఒక్కసారి ఆవిరి లేస్తది సూడు,
పోరని మొఖం గట్లయింది.
ఎన్ని దినాలైందో ఆ మాట ఇంకో గొంతుల విని.
ఇగ మొదలువెట్టిండు. వాన.
చేతులు తిప్పుడు, మొగులు దిక్కు చూపుడు,
బ్యాంకు అన్నడో బాంకు అన్నడో,
ఒకపాలి ఎదమీద చెయ్యి, ఒకపాలి కండ్లు తుడుసుకునుడు.
నాకందింది పగార్ ఒక్కటే. మూడుసార్లు.

ప్రశ్న నేర్సుకున్న గని జవాబు నేర్వకపోతి.
అర్షియా సెలవులకు ఇంటికాడున్నది.

ఆఖరికి అయిదు వేళ్లు చూపిండు.
అయిదు దినాలా, అయిదో తారీకా, అయిదొందలా,
అయిదు దఫాలా?
ఆవుశ్ పోకుశ్, అన్న, ఇంకేమనాలె.
ఆవుశ్ పోకుశ్, సిన్యోరా, అన్నడు.
ఇద్దరం తలలూపినం, పెద్దమనుషుల ముంగట
ఖరారైనట్టు.

గోడ మీద బొగ్గుతోని గీతలు.
నిన్నటికి అయిదు నిండినయి.
ఆరోది గియ్యాల్నా అని నిలవడ్డ,
అవ్వల్ల పొద్దుగాల్నే ఇంకో మూడంగీలు వెట్టిపోయిండు.
యాభై నాలుగని రాసుకున్న.
ఒకదాని కాలర్ కాడ చిరిగి ఉండె, సూది తీసి కుట్టిన.
కుట్టు పైసలు లెక్కల ఎక్కియ్యలే.
ఆ భాషల కుట్టును ఏమంటరో
నాకు రాసియ్యలే గద.