ముప్పయ్యొక్క తలుపుల అంకెలు

పోర్తోలో మా వీధికి సెరఫీనా మెట్లని పేరు.
ఎనభై రెండు మెట్లు.
లెక్క నాకెలా తెలుసంటే
దుప్పట్ల మూటతో రోజూ ఎక్కుతాను గనక,
మోకాలు మెట్టుకో రసీదు ఇస్తుంది గనక.

ప్రతి తలుపు పక్కనా ఇప్పుడొక చిన్న ఇనప్పెట్టె.
నాలుగంకెలు తిప్పితే నోరు తెరిచి
తాళంచెవి కక్కుతుంది.
యజమాని రాడు.
చక్రాల సూట్‌కేసు వస్తుంది, రాళ్ళ మీద గడగడమంటూ.
రెండు రాత్రులుండి పోతుంది.
దాని వెనకాల నేను,
దిండు మీద మిగిలిన వెంట్రుకలు ఏరడానికి.

పద్దెనిమిదో నంబరు, రెండో అంతస్తు:
నాలుగు, సున్నా, ఏడు, ఒకటి.
ఆ గదిలో నేను పుట్టాను.
ఇప్పుడక్కడ గోడ మీద పడవ బొమ్మ,
"మీ ఇల్లే అనుకోండి" అని నాలుగు భాషల్లో చీటీ.
అనుకోవడానికేం, అనుకుంటూనే ఉన్నాను,
నలభై నిమిషాల్లో అనుకోవడం ముగించాలి,
పక్క ఫ్లాటుకి ఆలస్యమవుతుంది.

అడెరీతో మెట్ల కింద బెంచీ మీద పడుకుంటాడు.
పడుకుంటాడనకూడదు.
నగరపాలిక బెంచీ నడుమ ఇనప కమ్మీ బిగించాక
కొక్కెంలా వంగి కూర్చుంటాడు.
సహాయ కేంద్రంలో అమ్మాయి ఇంటిపేరు అడిగిందట.
"బ్రండావ్. పేరుంది, రాసుకో.
ఇంటి సంగతి మీ పెద్దవాళ్ళనడుగు."
ముప్పయ్యేళ్ళు ట్రాము పట్టాలు సరిచేసిన మనిషి.
అతనున్న ఇల్లు ఇరవై ఆరు:
తొమ్మిది, మూడు, మూడు, ఎనిమిది.
కిటికీ దగ్గరి నేలపలక ఇంకా ఊగుతోందా అంటాడు.
ఊగుతోందంటాను.
ఏదో కబురు అందినట్టు తలూపుతాడు.

మేం కమిటీ అన్నాం. కమిటీ అంటే
దర్జీ జుల్మీరా కొట్లో ఐదు స్టూళ్ళు, ఒక కెటిల్.
ఎవరున్నారో ఎవరు లేరో లెక్క తీయడమెలాగని
మూడు రాత్రులు పోట్లాడుకున్నాం.
బల్తజార్ యూనివర్సిటీ మాటలు మాట్లాడాడు.
జుల్మీరా సూదిలో దారమెక్కిస్తూ అంది:
బట్టలారేసిన కిటికీలు లెక్కపెట్టండి,
వచ్చిపోయేవాడు బనీను ఉతుక్కోడు.
నూట పన్నెండు కిటికీలు.
ఏప్రన్లు, పసిపిల్ల సాక్సులు ఆరేది
పంతొమ్మిదింటికే.

నగరసభలో మనిషికి మూడు నిమిషాలు.
ఎదురుగా ఎర్రటి గడియారం.
అధ్యక్షులవారు మంచివారే, నీళ్ళ గ్లాసిప్పించారు.
"ఖాళీ ఇళ్ళు లేవమ్మా,
కొత్తవి కట్టే పథకం పరిశీలనలో ఉంది,
అందాకా తల దాచుకోవడానికి..."
తల దాచుకునేంత తప్పు ఎవరు చేశారు?
మేమడిగేది కాళ్ళు చాపుకోవడం.

ఆ మాట పైకన్నానో, లోపలే అనుకున్నానో.
రాసుకొచ్చిన కాగితం చెమటకి మెత్తబడింది.
చూడకుండా వచ్చేది నాకొకటే. మొదలుపెట్టాను:
నంబరు రెండు, ఐదు ఐదు ఒకటి సున్నా.
నంబరు నాలుగు, రెండు ఎనిమిది ఆరు రెండు.
నంబరు ఏడు...
ఎవరో నవ్వారు. తర్వాత నవ్వలేదు.
పదమూడో తలుపు దగ్గర మైకు ఆగింది.
మిగతా పద్దెనిమిదీ గొంతుతో చెప్పాను.

తీర్మానం వచ్చే సమావేశానికి వాయిదా.
తెల్లారేసరికి పెట్టెలన్నిటికీ అంకెలు మారాయి,
నా పనీ పోయింది.
జుల్మీరా తిట్టింది, బల్తజార్ మెచ్చుకున్నాడు,
ఇద్దరి మీదా ఒకేలా కోపమొచ్చింది.
సభ నమోదు పుస్తకంలో నాకొక వాక్యం దక్కింది:
"వక్త కొన్ని అంకెలు చదివారు."

ఆదివారం వాన వెలిశాక
అడెరీతో కుళాయి దగ్గర చొక్కా ఉతుక్కుని
బెంచీ నడుమ కమ్మీ మీద ఆరేశాడు.
ఆ కమ్మీ ఎవరికైనా పనికిరావడం అదే మొదలు.
జుల్మీరా కొట్లోంచి చూసి
లెక్కల పుస్తకం తెరిచింది. ఇరవై.
బెంచీ కిటికీ కాదు, సభలో ఒప్పుకోరన్నాడు బల్తజార్.
తెలుసంది.
అందుకే పెన్సిల్‌తో రాశానంది.