పదహారు, సున్నా ఒకటి

శనివారం. హల్ మార్కెట్లో చేపల దుకాణం పక్కన నా బల్ల.
మోరీన్ స్టాథర్స్ చేతిసంచీలోంచి
నలిగిన టిష్యూ తీసి విప్పింది:
వాళ్ళమ్మ గడియారం.
తమలపాకు తొడిమంత పట్టీ, బొటనవేలి గోరంత ముఖం.
"రష్యాదంటోంది మా కోడలు.
మా అమ్మ అలాంటివి కొనే మనిషి కాదు."

ముఖం మీద సెకోండా అని ఉంది.
సెకండ్ల ముల్లు లేదు.

ముఖం చూసి ఏ గడియారాన్నీ గుర్తుపట్టలేం.
పెట్టె మారుస్తారు, అద్దం మారుస్తారు,
అమ్మే దేశానికి తగ్గ పేరు అచ్చేస్తారు.
వీపు తెరవాలి.
కత్తిమొన అంచుకు ఆనించి, ఊపిరి బిగబట్టి...
టిక్.
ఆ చప్పుడు గడియారంది కాదు, మూతది. ఒప్పుకుంది.

భూతద్దం కంటికి బిగించాను.
ముందు, ఏనాడో ఎండిన సబ్బు పొర. దాని కింద పచ్చని చిలుము.
ఇంకా కింద, బాలెన్సు చక్రం నీడలో
చీమ తలకాయంత అంకెలు: 1601.

పదహారంటే అడ్డకొలత, మిల్లీమీటర్లలో.
సున్నా ఒకటంటే
సెకండ్ల ముల్లు లేదు, కిందపడ్డా తట్టుకుంటుంది.
"అచ్చం మా అమ్మే," అంది మోరీన్.

పక్కన రష్యా అక్షరాలు.
నాకు రష్యన్ రాదు. చిన్నప్పుడు
పుస్తకాల వ్యానులో రూపాయిన్నరకి కొన్న తెలుగు కథలకి
ఆఖరి పేజీ అడుగున, ఎవరూ చదవని చోట,
ఈ అక్షరాలే ఉండేవి.
వెనక్కి తిరిగిన ఆర్. బోర్లించిన కుర్చీలాంటి 'చ'.
ఆ 'చ'తోనే చైకా. వోల్గా ఒడ్డున ఉగ్లిచ్‌లో పుట్టింది.
చైకా అంటే, ఈ ఊళ్ళో మన చేతిలో చేపముక్క ఎత్తుకుపోయే
తెల్ల పిట్టే.

"అయితే నకిలీదా?"
"కాదమ్మా. పైన లొటారం, లోన పటారం."
తెలుగులోనే అనేశాను.
ధర చెప్పాననుకుని పర్సు తీసింది.

మూత లోపలివైపు సూదిగీతలు.
నాకు ముందు విప్పినవాళ్ళ గుర్తులు, తేదీలు:
డెబ్భై ఒకటి మార్చి. డెబ్భై నాలుగు. ఎనభై.
ఇంకో రెండు అరిగిపోయాయి.
అయిదుసార్లు బాగుచేయించింది,
కొన్న ఖరీదు కన్నా ఎక్కువే పోసి.

భూతద్దం మోరీన్‌కిచ్చాను.
చాలాసేపు చూసింది.
"డెబ్భై ఒకట్లో మా ఇంట్లో
కరెంటు మీటర్లో వెయ్యడానికి చిల్లర లేదు," అంది.
ఎవరిని అడుగుతున్నట్టో: "దీనికెక్కడ తెచ్చింది?"

కడిగి, ముళ్ళు ఊడకుండా ఆరబెట్టి,
నూనె ఆవగింజలో పదోవంతు.
మూసేముందు ఆరో గుర్తు నేను గీశాను:
నా పేరులో మొదటి అక్షరం, 'హై'.
వచ్చే రిపేరువాడు ఏ భాషో వెతుక్కోనీ.

కీ రెండు చుట్లు.
మోరీన్ చెవి దగ్గర పెట్టుకుంది.
అద్దాల కప్పు మీద చైకాలు ఒకటే గోల.
"కాసేపు నోరు మూసుకోండర్రా,"
అంది పైకి చూసి.