వెళ్లే వేళ

గోడమీద అరచేయంత డబ్బా.
పాలకొల్లులో మూసేసిన పంటి డాక్టరు గదినించి
ఏసీతోపాటు బేరంలో వచ్చింది.
చెమట తగిలితే లేసు పసుపెక్కుతుంది,
పసుపెక్కిన మూరని ఏజెంటు పక్కకి నెట్టేస్తాడు.
అందుకని చీటీ పాడి కొన్నాను.
చల్లదనం మాకు కాదు, దారానికి.

రోహిణి కార్తె. కాలవ కట్టేసి నెల దాటింది.
వశిష్ఠ మీంచి వచ్చే గాలిక్కూడా ఉప్పుచెమట.

ఇరవై ఏడు దగ్గర పెట్టి, స్టూలు దిగకుండానే
సత్తార్ అడిగాడు:
"లేచే వేళ చెప్పండమ్మా."
నాలుగున్నర, అన్నాను.
అతని వేలికింద అంకెలు గబగబా దొర్లి ఆగాయి.
"బయటికెళ్లే వేళ?"

గదిలో కొక్కేలన్నీ ఒక్కసారి ఆగాయి.
ముందు మంగతాయారు నవ్వింది.
"ఆదివారం చర్చికండి, తొమ్మిదికి" అంది సువార్త.
పెద్దింట్లు దారం కొస నోట్లో ఉండగానే నవ్వి పొలమారింది.
పొయ్యికీ వాకిలికీ మధ్య చాపేసుకుని
గొలుసుకుట్టుకి గొలుసుకుట్టు తగిలిస్తూ కూర్చునేవాళ్లం,
వెళ్లేదెక్కడికి?
వెళ్లేది లేసు.
బల్లగుడ్డై, దిండుగలీబు అంచై
మాకు పేరు తిరగని ఊళ్లకి, ఓడెక్కి.

"ఆ గడి ఖాళీగా వదిలెయ్ బాబూ."
"ఒదలనివ్వదండి ఆయ్. ఏదో ఒకటి వెయ్యాలి.
మీరెళ్లాక అది కాసేపు కునుకు తీస్తదండి, కరెంటు కలిసొస్తది.
మళ్లీ మీరొచ్చే టయానికి లేచి
గది చల్లబరిచి ఉంచుతదండి."

ఎనిమిది, అన్నాను నోటికొచ్చింది.
తిరిగొచ్చేది పదకొండు.
పడుకునే వేళ మటుకు నేను చెప్పలేకపోయాను,
ఆర్డరు తరుముతుంటే ఆ వేళ ఏ వేళో.
పది వేసి దిగిపోయాడు.

మర్నాడు ఎనిమిదికి డబ్బా టిక్కుమంది.
మేం వెళ్లిపోయామని నమ్మింది.
ఇరవై ఏడు ముప్పై అయింది, ముప్పై ముప్పై రెండు.
ఆరుగురం అక్కడే ఉన్నాం,
ముంజేతులు కొంగుకి తుడుచుకుంటూ,
ఎవరూ లేని గదిలో.

జనాభా లెక్కల మాస్టారు గుర్తొచ్చాడు.
ఇదే అరుగుమీద కూర్చుని
నా వేళ్లమధ్య కొక్కెం తిరగడం చూస్తూ చూస్తూనే
వృత్తి దగ్గర "ఏమీ లేదు" అని రాసుకున్నాడు.
మంచినీళ్లడిగి తాగి మరీ వెళ్లాడు.

సత్తార్‌కి ఒక్క ఫోను చేస్తే సరిపోను.
ఏదో బొత్తం నొక్కిపెడితే ఉన్నచోటే ఉంటుందట.
చెయ్యలేదు. పంతమొచ్చింది,
ఎవరిమీదో మాత్రం తెలీదు.

నాలుగో రోజు, ఎనిమిదికి పది నిమిషాలుండగా
కొక్కెం దారపుండలో గుచ్చి "లేవండి" అన్నాను.
"ఎక్కడికే?"
"అది వెళ్లమంటోందిగా."

మాధవాయిపాలెం రేవులో పంటెక్కాం.
పని లేదు. చేతిలో సంచీ లేదు.
మోటారుసైకిళ్ల మధ్య, కొబ్బరికాయల రాశి పక్కన
ఆరుగురం నించున్నాం.
పెద్దింట్లు చేతులేం చేసుకోవాలో తెలీక
ఒకదాన్నొకటి పట్టుకుంది.
సఖినేటిపల్లి వైపు దిగి తలో నిమ్మసోడా తాగి
అక్కణ్ణించి మా ఒడ్డు చూశాం.
ఎండ మిలమిలలో మా వీధి ఆనలేదు గానీ
ఎవరిమట్టుకు వాళ్లం వేలుపెట్టి చూపించాం,
ఆరుగురం ఆరుచోట్ల.

పంటు ఆలస్యమై పదకొండున్నరకి చేరాం.
తలుపు తీస్తే గది చల్లగా ఉంది.
అరగంటనించీ ఉంది.
చెప్పులు విడిచి లోపలికి రావడానికి
ఎందుకో మొహమాటపడ్డాం,
చుట్టాలింటికొచ్చినట్టు.

తర్వాత సువార్త చలేస్తోందంటూ
కొంగు భుజాలచుట్టూ లాక్కుంది.
స్టూలెక్కి ఒక్క అంకె పెంచాను.