బ్లాకా, పలకా

చీమకుర్తిలో దుమ్ము రెండు రకాలు.
క్వారీది పొడిగా వచ్చి ఆరేసిన బట్టల మీద కూర్చుంటుంది.
పాలిష్ ఫ్యాక్టరీది తడిగా నాయన చెవుల వెనక అంటి
ఇంటికొచ్చాక ఎండి రాలుతుంది.
మా కంప్యూటర్‌లో రెండూ ఉన్నాయి.
ఆఫీసులో లోడ్ల లెక్కలు మోసి మోసి అలిసిన పెట్టె అది.
గుమస్తా మాలకొండయ్య రెండున్నర వేలకిచ్చి
"ఫ్యాను మోత ఊరికే, రసూలూ" అన్నాడంట.

అందులో నేనొక ఇల్లు కడుతున్నా.
ఆటతో పాటు వచ్చిన గచ్చులు నచ్చక
బయట నుంచి ఒక నేల దించుకున్నా,
నల్లగా, లోపల బంగారు నలుసులతో.
ఏ దేశపు పిల్ల తయారుచేసి పెట్టిందో.
పేరు చదివితే నవ్వొచ్చింది: బ్లాక్ గెలాక్సీ.
మా ఊరి రాయి.
మా ఇంట్లో ఉండేది సిమెంటు గచ్చు.

ఆ నేల రెండు రూపాల్లో దొరికింది.
ఒకటి కట్టిన మూట. రెండుసార్లు నొక్కితే చాలు,
తనే లోపలికి పోయి తనే సర్దుకుంటుంది,
మనం అడగని సోఫానీ, కుక్కపిల్ల గిన్నెనీ,
ఎవరిదో జడనీ వెంటబెట్టుకుని.
ఏది యాడ పెట్టిందో తర్వాత చెప్పదు.
రెండోది విడి ఫైళ్ళు. జిప్ విప్పాలి, ఫోల్డర్ చెయ్యాలి,
మన చేత్తో సరైన అరలో పెట్టాలి.
వద్దనుకున్న రోజు మన చేత్తోనే తీసెయ్యొచ్చు.

నేను మూటనే నొక్కాను. పదో తరగతి సెలవులు, తొందర.

మూడో రోజు వంటగది తలుపు మాయమైంది.
నాలుగో రోజు ఆట తెరుచుకోనే లేదు.

రాత్రి షిఫ్టు దిగిన నాయన
మొహం కడుక్కోకుండానే వెనక నిలబడ్డాడు.
"ఏందమ్మే, పగిలిందా?"
చెప్పా, మూట సంగతీ విడి సంగతీ.
"అంటే బ్లాకు కొన్నావు" అన్నాడు.
"బ్లాకులో బీటుంటే కోసిందాకా తెలవదు.
పలకైతే ఎత్తి, తట్టి, ఇని తీసుకోవచ్చు."

మూట విప్పి విడదీశా. నలభై ఆరు.
సగం పెట్టి ఆట తెరిచా, తెరుచుకుంది.
మిగతా దాంట్లో సగం పెట్టా, మూసుకుంది.
దాంట్లో సగం. మళ్ళీ సగం.
నాయన టీ గ్లాసుతో పక్కనే,
రంపం దగ్గర నిలబడ్డట్టు చేతులు వెనక్కి పెట్టుకుని.
ఆరోసారికి దొరికింది.
జడ!
ఒక్క జడ ఇల్లంతా కూల్చింది.

నేల వచ్చింది. హాలంతా తళతళ.
నాయన వంగాడు. తెర దగ్గరికి, ఇంకా దగ్గరికి.
ఇరవై ఏళ్ళుగా పలకల్లో మరకలు వెతికిన కళ్ళు.
"ఒకటే చుక్క" అన్నాడు.
"ఈడ, ఇదిగో ఈడ, మళ్ళీ ఈడ.
రాయి అట్టా ఉండదమ్మే. ఏ అడుగు చుక్కలు ఆ అడుగువే."
అనేసి పోయి పడుకున్నాడు.

నాకు ఇంక ఆ నేల మీద నడవబుద్ధి కాలా.

ఫ్యాక్టరీ వెనక పారేసిన ముక్కల కుప్పలో
అరచేయంత రాయి ఏరి, కడిగి,
పదకొండు గంటల ఎండలో ఫోటో తీశా.
జేపెగ్‌గా దాచితే తేలికే,
నలుసుల్ని మింగి బూడిద పూసింది.
పీఎన్‌జీ ఎనిమిది రెట్లు బరువు,
ప్రతి చుక్కా తన చోటే.
ఈ పెట్టె మొయ్యగలదో లేదో,
ఫ్యాను అప్పుడే లారీలా రొప్పుతోంది.
అయినా అదే ఉంచా.

హాలుకి పదహారు వేరువేరు ముక్కలు కావాలి.
మూడయ్యాయి.
పేరేంటని అడుగుతోంది పెట్టె.
గెలాక్సీ అని కొట్టి, చెరిపి,
ఇట్లా కొట్టా:
వెనక కుప్ప, మూడో రాయి.