పరీక్ష బల్ల మీద నది

లితోవెల్‌లో ఒక నేలమాళిగ.
ద్రహోమీరా మోటార్ల నాడి చూస్తుంది.
దీపం కింద చుక్కల బిళ్ళ తిరుగుతుంది,
వేగం సరిపోతేనే
చుక్కలు కదలనట్టు నిలబడతాయి.

ఇవాళ చుక్కలన్నీ బుద్ధిగానే ఉన్నాయి.
కాగితం మీద పెన్ను మాత్రం
చలిజ్వరం వచ్చినట్టు రాస్తోంది.
ఏడు మోటార్లు, ఏడూ ఎర్రపెట్టెలోకి.
బేరింగులమ్మినవాడికి ఫోను కలిపాడు ఒతకార్,
తిట్లు ముందే సిద్ధం చేసుకుని.

ఎనిమిదోదానికి కరెంటు పెట్టడం మరిచింది.
మోటారు చల్లగా, మొద్దులా ఉంది.
పెన్ను వణుకుతూనే ఉంది.

నేలకి చెవి ఆనించింది.
గచ్చు కింద, కరిగిన మంచుతో
ఒళ్ళు చేసిన మొరావా పాయ
ఊరికి చెప్పకుండా పోతోంది.

ఒతకార్, ఫోను పెట్టెయ్.

రిజిస్టరులో ఎనిమిదో వరసలో
మోటారు నంబరు ఉండాల్సిన చోట
నది అని రాసింది.
వణుకు: మూడు మైక్రాన్లు.
వేగం గడి
ఖాళీగా వదిలేసింది.