గురువారం నా వంతు

సోమవారం చెంగల్రాయులు సారు కారు,
మంగళవారం జైబున్నీసా మేడమ్‌ది,
బుధవారం ఢిల్లీరాణిది,
గురువారం నాది.
శుక్రవారానికి ఇంకా పంచాయితీ తెగలేదు.
పెట్రోలు మిగుల్తాదని నేనే ఒప్పుకున్నా,
లైసెన్సు వచ్చి నలభై దినాలు.

చంద్రగిరి దాటినాక రోడ్డు
చాప విప్పినట్టు వెడల్పవతాది.
ఎడమ పక్క నడిచేవాళ్ళు,
పసుప్పచ్చ గుడ్డలు, ఉత్త కాళ్ళు,
చంకన బిడ్డ, నెత్తిన మూట,
వేలూరు కాడ్నించి కొండకని ఎదురొస్తా ఉండారు.
నడి వరసలో బండరాయి లారీ,
గుట్టను కోసి గొలుసులేసి కట్టుకున్నట్టు,
ఎంత దాటినా ఐపోదు.
"కుడికి పోమ్మా, కుడికి పో"
అంటాడు చెంగల్రాయులు సారు.

కుడి వరస.
డివైడర్లో గన్నేరు కొమ్మలు
అద్దాన్ని గీక్కుంటా పోతాయి.
ఈ వరసలోకి దిగినోళ్ళకి
నిమ్మళంగా పొయ్యే హక్కు లేదు.
వెనక అద్దంలో తెల్ల కారు
మొదట బియ్యపు గింజంత,
చూస్తండంగానే చేటంత.
లైట్లు కొడతాది, మళ్ళా కొడతాది,
అప్పిచ్చినోడు తలుపు తట్టినట్టు.
ఎడమకి పోదామంటే లారీ.
ముందుకు పోదామంటే కాలు మాట వినదు.
ఎనభై.
ఎనభై నాలుగు.

కార్లో ఎవురూ మాట్లాడరు.
ఇంతసేపూ కోడలు గెలికిన సంగటి గురించి
చెప్తా వచ్చిన జైబున్నీసా మేడమ్
నోట్లో ఏందో చదువుకుంటా ఉండాది.
ఢిల్లీరాణి ఒళ్ళో నాలుగు క్యారియర్లు
ఒకదాన్నొకటి కొట్టుకుంటా ఉండాయి.
ఆ చప్పుడు నాకు లెక్క చెప్తాంది:
రాణి బిడ్డ ఎల్కేజీ,
మేడమ్‌కు ఇంకా రెండేండ్లు సర్వీసు,
సారు పోయిన నెలే స్టెంటు ఏయించుకున్నాడు.
ఒంటిగా పోతా ఉంటే
నా భయం నా ఒక్కదాని బరువే ఉండేది.
ఇప్పుడు నాలుగిండ్ల తాళాలు
ఒకే గుత్తికి గుచ్చి నా ఏలికి తగిలించినట్టుంది.

కాశిపెంట్ల కాడ పాల ట్యాంకరు
సిగ్నలు లేకుండా అడ్డమొచ్చింది.
ఏం చేసినానో నాకు తెలీదు.
కాళ్ళు చేసినాయి, చేతులు చేసినాయి.
గన్నేరు పువ్వొకటి ఎగిరొచ్చి
ముందద్దానికి అతుక్కునింది.
తెల్ల కారు ఏ సందులో దూరి పోయిందో!
పోతా పోతా అందులో పిల్లోడు
నాకు చెయ్యూపినాడంట,
రాణి చెప్పింది, నేను చూళ్ళేదు.
పూతలపట్టు దాటినాక గానీ
సంగటి కథ మళ్ళా మొదలుకాలేదు.

"బాగా తోల్నావమ్మా,
నాకసలు భయమే కాలేదు" అని
ఆఫీసు గేటు కాడ దిగినాడు సారు.
బొటనేలు మిషనుకు ఇంకా ఏడు నిమిషాలు.
అందరూ పరిగెత్తినారు.
స్టీరింగు మింద నుంచి నేను
ఏళ్ళు ఒక్కొక్కటే ఒలుచుకుంటా కూర్చున్నా.
పక్క సీటు ముందర చూస్తే
రబ్బరు మ్యాటు ముడతలు పడి
మూలకి పోయి నలిగి ఉండాది.
తిరుపతిలో ఎక్కింది మొదలు
లేని బ్రేకును తొక్కతానే వచ్చినాడు మనిషి.

మ్యాటు సర్దినా.
ఆయన కాళ్ళకు ఇంకొంచెం చోటుండేట్టు
సీటు వెనక్కి జరిపినా.
సాయంత్రం ఐదున్నరకి
మళ్ళా నా వంతే కదా.